మనవాళ్లకి బాగోలేనప్పుడు పోలీసులు వచ్చి తీసుకెళ్తే ఏం జరగాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి

తోడూనీడ (థ్రెడ్ మొదలుపెట్టినవారు)
ఆదివారం, ఉదయం 7:12

వచ్చే నెల మా కేర్‌గివర్ల మీటింగులో పంచడానికి ఒక పేజీ కాగితం తయారు చేస్తున్నాం. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బు ఉన్న మనిషి మందులు మానేసి రోడ్డు మీద అరుస్తుంటేనో, ఇంట్లో సామాను పగలగొడుతుంటేనో ఎవరో ఒకరు 100కో 112కో ఫోన్ చేస్తారు. బ్లూ కోల్ట్స్ బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్లు వస్తారు. అక్కణ్నుంచి ఆ మనిషి ఎక్కడికి చేరతాడన్నది ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటోంది. ఒకచోట నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇంకోచోట తెల్లారేదాకా స్టేషన్లోనే కూర్చోబెడతారు, లాకప్‌లో పెట్టడమూ ఉంది. తీరా ఆసుపత్రికి వెళ్తే ‘కోర్టు ఆర్డర్ ఏదీ’ అని తిప్పి పంపుతారు.

చట్టం ఏమంటోంది, స్టేషన్లో ఏ కాగితం రాయించుకోవాలి, ఆసుపత్రిలో ఏం అడగాలి, పని ఎక్కడ చెడుతుంది, ఇవి కావాలి. సొంత అనుభవాలకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ పనికొచ్చే వివరం రాయండి చాలు.

నల్లకోటు_కాకినాడ
ఆదివారం, ఉదయం 8:40

ముందు ఒక్క మాట పట్టుకోండి: ‘రక్షణ’. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బుతో తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషినైనా, ఆ జబ్బు వల్ల తనకో ఎదుటివాళ్లకో ప్రమాదంగా ఉన్న మనిషినైనా స్టేషన్ ఆఫీసరు తన రక్షణలోకి తీసుకోవాలి. ఇది అరెస్టు కాదు. ఈ ఒక్క తేడా మీదే మిగతాదంతా నడుస్తుంది.

రక్షణలోకి తీసుకున్నాక ఆఫీసరు చేయాల్సినవి ఇవి. ఎందుకు తీసుకున్నారో ఆ మనిషికి చెప్పాలి. అర్థం చేసుకునే స్థితిలో లేడనుకుంటే అతని నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి (అతని తరఫున నిర్ణయాల్లో సాయపడటానికి గుర్తించిన మనిషికి) చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలామంది ‘24 గంటలు ఉంచుకోవచ్చు’ అని చదువుకుంటారు, తప్పు. 24 అన్నది ఆఖరి హద్దు. గడియారం మొదలయ్యేది మనిషిని చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి, డైరీలో రాసినప్పటి నుంచి కాదు.

ఇక లాకప్. 100వ సెక్షన్ 4వ ఉపసెక్షన్‌లో ‘ఏ పరిస్థితుల్లోనూ’ అని ఉంది. రక్షణలోకి తీసుకున్న మనిషిని లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. రాత్రి అయింది, బండి లేదు, డాక్టరు రాలేదు, వీటిలో దేనికీ మినహాయింపు రాయలేదు.

కోర్టు ఆర్డర్ గొడవ పాత చట్టం నాటిది. 1987 చట్టంలో పోలీసులు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచి రిసెప్షన్ ఆర్డర్ తెచ్చేవాళ్లు. ఆసుపత్రి గుమస్తాకీ స్టేషన్ రైటర్‌కీ ఆ అలవాటు ఇంకా పోలేదు. 100వ సెక్షన్ కింద పరీక్షకి తీసుకొచ్చిన మనిషికి మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం లేదు. పరీక్ష ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఆసుపత్రి మెడికల్ ఆఫీసర్‌దని 5వ ఉపసెక్షన్ చెప్తుంది. తిప్పి పంపబోతే ఈ అంకె చెప్పండి, నిరాకరిస్తున్నట్టు ఓపీ చీటీ మీద రాసి సంతకం పెట్టమనండి. ఆ సంతకం అడిగాక చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది.

మంచిర్యాల_మల్లన్న
ఆదివారం, 9:05

సార్, ‘దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి’ అంటే ఎర్రగడ్డనేనా? మా దిక్కు అందరు అదే అంటరు. ఈడికెల్లి హైదరాబాద్ అంటే పొద్దుగూకుతది.

నల్లకోటు_కాకినాడ
ఆదివారం, 9:21

కాదు మల్లన్న గారూ. చట్టంలో ఉన్నది ‘పబ్లిక్ హెల్త్ ఎస్టాబ్లిష్‌మెంట్’, మానసిక ఆసుపత్రే కానక్కర్లేదు. ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఏదైనా సరే. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు దాకా వెళ్లాలా వద్దా అన్నది అక్కడి డాక్టరు తేల్చాలి. దూరం పేరు చెప్పి రాత్రంతా స్టేషన్లో ఉంచడానికి వీల్లేదు.

క్యాజువాలిటీ_డ్యూటీ
ఆదివారం, 10:30

దగ్గరి ఆసుపత్రే ముందు ఎందుకో వైద్యం వైపు నుంచి చెప్తాను. కరపత్రంలో ఇది తప్పకుండా ఉండాలి.

‘పిచ్చి లేచింది’ అని తెచ్చినవాళ్లందరిదీ మానసిక జబ్బు కాదు. షుగర్ మందు వేసుకుని తిండి తినకపోతే షుగర్ పడిపోయి మనిషి తిట్టొచ్చు, కొట్టొచ్చు. తలకి దెబ్బ తగిలి లోపల రక్తం చేరొచ్చు. ఫిట్స్ వచ్చి తగ్గిన అరగంట దాకా కొందరు ఎవర్నీ గుర్తుపట్టరు, పట్టుకోబోతే ఎదురు తిరుగుతారు. మెదడువాపు జ్వరం, సోడియం పడిపోవడం, ముసలివాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. వేలికి సూది గుచ్చి షుగర్ చూడ్డానికి అర నిమిషం పడుతుంది. స్టేషన్లో అది జరగదు. జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్, షుగర్, ఈ అయిదూ చూడకుండా మానసిక విభాగానికి పంపొద్దని అడగండి.

రెండోది తాగుడు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య అసలు ప్రమాదం వస్తుంది: చేతులు వణుకుతాయి, చెమటలు, జ్వరం, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, బట్టలు పీకుతుంటాడు, ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పలేడు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం, ప్రాణం పోతుంది. ఏదో చిన్న కేసులో పట్టుకెళ్లిన మనిషి మూడోరోజు ‘నాటకాలాడుతున్నాడు’ అనిపించుకునేది ఇందులోనే. అతనికి గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి.

తెలంగాణలో ఇంకో కోణం ఉంది, కల్తీ కల్లు. అందులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అలవాటు పడ్డవాళ్లకి కల్లు దొరక్కపోతే ఇదే తీరుగా వణుకు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, విచిత్రమైన ప్రవర్తన. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డకి ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. ‘కల్లు తాగుతాడు, రెండ్రోజులుగా దొరకలేదు’ అన్న ఒక్క వాక్యం డాక్టరుకి చెప్తే వైద్యం మొత్తం మారిపోతుంది. సిగ్గుపడి దాచకండి.

రిటైర్డ్_స్టేషన్_మనిషి
ఆదివారం, మధ్యాహ్నం 12:15

స్టేషన్లో పని ఎక్కడ ఆగుతుందో చెప్తే మీకు సులువు. రాత్రి డ్యూటీలో ఒక సెంట్రీ, ఒక రైటర్, పెట్రోలింగ్‌కి ఇద్దరు ముగ్గురు. జీపు ఒకటే. మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే ఇద్దరు కానిస్టేబుళ్లు కనీసం నాలుగైదు గంటలు అక్కడే ఇరుక్కుంటారు. అందుకే ‘పొద్దున చూద్దాం’ అన్న మాట వస్తుంది. అది తప్పు. ఆ తప్పు ఏ ఆలోచనలోంచి వస్తుందో తెలిస్తే దాన్ని మార్చడం తేలిక. ‘బండి మేము మాట్లాడతాం, కుటుంబం నుంచి ఇద్దరం కూడా వస్తాం, మీరు ఒక్క కానిస్టేబుల్‌ని, మెమోని ఇవ్వండి’ అని అడిగి చూడండి. చాలామంది ఎస్సైలు వెంటనే ఒప్పుకుంటారు.

112కి ఫోన్ చేసేటప్పుడు ‘గొడవ చేస్తున్నాడు, కొడుతున్నాడు’ అని మాత్రమే చెప్తే కంట్రోల్ రూమ్ వాళ్లు దాన్ని కొట్లాట కింద రాస్తారు. వచ్చేవాడు లాఠీతో, కొట్లాటకి సిద్ధపడి వస్తాడు. ఇలా చెప్పండి: ‘మానసిక జబ్బు ఉన్న మనిషి, ఫలానా ఆసుపత్రిలో మందులు వాడుతున్నాడు, చేతిలో ఆయుధం లేదు (ఉంటే ఏముందో), ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సాయం కావాలి, 108 కూడా పంపండి.’ 108లో ఉండేది డ్రైవరు, టెక్నీషియన్ ఇద్దరే. మనిషి ఎదురు తిరుగుతుంటే పోలీసులు వచ్చేదాకా వాళ్లు ఎక్కించుకోలేరు. అందుకే రెండూ ఒకేసారి అడగాలి.

స్టేషన్లో జనరల్ డైరీలో ఎంట్రీ పడాలి. అందులో ఇవి చూసుకోండి: ఎన్ని గంటలకి, ఎక్కడ తీసుకున్నారు, ‘100వ సెక్షన్ కింద రక్షణలోకి’ అన్న మాట, ఒంటి మీద అప్పటికే ఉన్న దెబ్బలు, ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకెళ్తున్నారు. జీడీ నంబరు అడిగి ఫోన్లో రాసుకోండి. ఆసుపత్రికి ఇచ్చే మెమోలో అదే నంబరు ఉండాలి. దెబ్బల మాట రాయించడం ఇద్దరికీ మంచిది. రాయకపోతే తర్వాత ‘స్టేషన్లో తగిలినవా, రోడ్డు మీద తగిలినవా’ అని తేలదు.

ఇల్లూ వాకిలీ తెలియకుండా తిరిగే మనిషైతే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కట్టి ఇంటివాళ్లని వెతకాలి, అదీ 100వ సెక్షన్‌లోనే ఉంది. ఇంకో ఊళ్లో ఆ మనిషి కోసం ఇప్పటికే మిస్సింగ్ కేసు ఉండొచ్చు. ఫొటో, పుట్టుమచ్చలు పక్క జిల్లాలకి పంపితే దొరికిన సందర్భాలు ఎన్నో.

మాటలు_వినేవాళ్లం
ఆదివారం, సాయంత్రం 4:02

పేషెంట్ల వైపు నుంచి రాస్తున్నాను. చట్టం అంకెలు అందరూ చెప్తారు, లోపల ఆ రెండు మూడు గంటలు మాలాంటివాళ్లకి ఎలా గడుస్తాయో కూడా కాగితంలో ఉండాలి.

స్టేషన్లో వైర్‌లెస్ సెట్ ఆగకుండా గరగరమంటూ మాట్లాడుతూనే ఉంటుంది. చెవుల్లో మాటలు వినపడేవాళ్లకి ఆ సెట్‌లోంచి తమ పేరే పిలుస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు జవాబు చెప్తారు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వగానే ‘నా మీద కుట్ర’ అన్న అనుమానం రుజువైపోతుంది, మనిషి లేచి తలుపు వైపు పరిగెడతాడు. అక్కడ పట్టుకుంటారు, పెనుగులాట మొదలవుతుంది. దీన్నంతా ఆపడానికి చేయాల్సింది చాలా చిన్నది: సెట్‌కి దూరంగా, వరండాలోనో రిసెప్షన్ పక్కనో, గోడకి వీపు ఆనేలా కుర్చీ వేయడం. తలుపు కనపడాలి. ఒక్కళ్లే మాట్లాడాలి, నెమ్మదిగా, పేరు పెట్టి, ‘గారు’ చేర్చి. ‘ఏరా’ అన్న పిలుపు చేసే నష్టం చెప్పలేను.

ముందుగా లాక్కునేవి ఫోను, బెల్టు, కళ్లద్దాలు. మొదటి రెండూ అర్థమవుతాయి. అద్దాలు తీసేస్తే ఎదుటి మొహం మసకబారి భయం రెట్టింపు అవుతుంది, ఉంచమని అడగండి. ఫోను తీసుకునే ముందు ఒక నంబరు కాగితం మీద రాయనివ్వమనండి. మంచినీళ్లు, బాత్రూమ్ అడగకముందే ఇవ్వాలి. అడిగే స్థితి ఉండదు చాలామందికి. ఆడవాళ్లైతే మహిళా కానిస్టేబుల్ వచ్చేదాకా కుటుంబంలో ఆడమనిషి ఒకరు పక్కనే ఉంటామని గట్టిగా పట్టుబట్టండి.

మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘నన్ను అరెస్టు చేశారా, రక్షణలోకి తీసుకున్నారా?’ బాగున్న రోజుల్లో దీన్ని ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. అటువైపు జబ్బు పేరు, డాక్టరు ఉండే ఆసుపత్రి, వేసుకునే మందులు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మందు పడదు, పిలవాల్సిన ఇద్దరి నంబర్లు. కింద ‘గట్టిగా అరవకండి, వెనక నుంచి ముట్టుకోకండి’ అని తెలుగులో. నోట మాట రానప్పుడు ఆ కార్డే మాట్లాడుతుంది.

పల్నాటి_రైతుబిడ్డ
ఆదివారం, 5:18

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, గొడ్డలి పట్టుకుని మీదకొస్తుంటే కార్డులూ కుర్చీలూ ఏం చేస్తాయండీ? తాడుతో కట్టకుండా ఆసుపత్రికి చేర్చడం ఎవరి వల్ల అవుతుంది? ఇంట్లోవాళ్ల ప్రాణాలు కూడా చూడాలి కదా.

క్యాజువాలిటీ_డ్యూటీ
ఆదివారం, 6:44

న్యాయమైన ప్రశ్న. ఆయుధం ఉంటే ముందు ఇంట్లోవాళ్లే బయటికి రావాలి, లాక్కోబోకండి. గదికి గొళ్లెం పెట్టి పోలీసుల కోసం ఆగడం మేలు. పోలీసులు పట్టుకోవడాన్ని ఎవరూ కాదనడం లేదు, ఎలా పట్టుకుంటారన్నదే సమస్య.

బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టడం, చేతులు వెనక్కి కట్టి జీపు వెనక సీటు కింద బోర్లా పడుకోబెట్టడం, ఈ రెండూ ప్రాణాంతకం. ఛాతీ విచ్చుకోక ఊపిరి అందదు. అప్పటికే పెనుగులాడి ఒళ్లంతా ఆక్సిజన్ కోసం కొట్టుకుంటున్న మనిషి ‘ఊపిరాడట్లేదు’ అని అరిస్తే నటన అనుకుంటారు, కాసేపటికి నిశ్శబ్దమైతే ‘శాంతించాడు’ అనుకుంటారు. ఆ నిశ్శబ్దమే భయపడాల్సింది. పట్టుకోక తప్పకపోతే ఒక్కో చేతికీ కాలికీ ఒకరు, తల దగ్గర ఒకరు, మొత్తం అయిదుగురు. తల దగ్గరున్నవాళ్లు మొహం, ఊపిరి చూస్తూ మాట్లాడుతుండాలి. అదుపులోకి రాగానే పక్కకి తిప్పాలి లేదా కూర్చోబెట్టాలి.

డాక్టరు దగ్గరికి చేరాక హాలోపెరిడాల్‌తో ప్రోమెథజీన్ కలిపి కండకి ఇస్తారు. ఒట్టి హాలోపెరిడాల్ ఇస్తే మెడ మెలికపడటం, నాలుక తిరగకపోవడం జరగొచ్చు, రెండోది దాన్ని అడ్డుకుంటుంది. ఇంజెక్షన్ తర్వాత కనీసం గంట రెండు గంటలు ఊపిరి, బీపీ చూడాలి. ‘సూది వేశాం, తీసుకుపోండి’ అని అరగంటలో జీపెక్కిస్తే ఒప్పుకోకండి.

నల్లకోటు_కాకినాడ
ఆదివారం, 7:10

దానికి చట్టం వైపు: గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా సరే 95వ సెక్షన్ నిషేధించింది. ఆసుపత్రిలో కట్టాల్సి వస్తే 97 ప్రకారం వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో, కారణం, సమయం కేస్ షీట్‌లో రాసి. నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి 24 గంటల్లో తెలపాలి. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషిద్ధం. బేడీలేసే అధికారం అరెస్టు, కస్టడీలకి సంబంధించింది. రక్షణలోకి తీసుకున్న మనిషికి దాన్ని అంటించడానికి ఆధారం లేదు.

అత్యవసరంలో 94వ సెక్షన్ ఉంది. ప్రాణాపాయం, తీవ్రమైన హాని, ఆస్తి ధ్వంసం లాంటివి ఆపడానికి ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా వైద్యం చేయొచ్చు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అందుబాటులో ఉంటే సమ్మతి తీసుకోవాలి. మానసిక ఆసుపత్రికి తరలించడమూ ఇందులోకే వస్తుంది. గరిష్ఠంగా 72 గంటలు, లేదా మానసిక ఆసుపత్రిలో పరీక్ష జరిగేదాకా, ఏది ముందైతే అది. కరెంటు షాకు దీని కింద ఇవ్వకూడదు.

మందుల_అలమర
ఆదివారం, రాత్రి 8:31

ఒక రాత్రి స్టేషన్లో గడిస్తే మందుల విషయంలో ఏం పోతుందో ఎవరూ చెప్పలేదు. క్లోజపిన్ వాడేవాళ్లు 48 గంటలకి మించి మానేస్తే మళ్లీ పాత డోసు ఒక్కసారిగా వేయకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే బీపీ పడి కూలిపోవచ్చు. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో గంటతో సహా చెప్పండి. వాల్ప్రోయేట్, కార్బమజపిన్ హఠాత్తుగా ఆగితే ఫిట్స్.

లిథియం వాడేవాళ్లకి నీళ్లే ప్రాణం. ఎండలో తిరిగి, నీళ్లు తాగక, వాంతులై ఉంటే మందు రక్తంలో పేరుకుపోతుంది: చేతులు పెద్దగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం. తాగాడనుకుంటారు. ఇంకో మెలిక, దెబ్బలు తగిలాయని క్యాజువాలిటీలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చేస్తారు, అది లిథియాన్ని ఇంకా పెంచుతుంది. ‘లిథియం మీద ఉన్నాడు’ అని ముందే చెప్తే పారాసిటమాల్‌తో సరిపెడతారు. ఫ్లూఫెనజైన్ లాంటి డిపో ఇంజెక్షన్ (ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసేది) అయితే ఆఖరిది వేసిన తేదీ కార్డు మీద ఉండాలి. ఇన్సులిన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ మందుల అట్టలు ఒక జిప్ కవర్లో వేసి తలుపు వెనక తగిలించి ఉంచండి, హడావిడిలో చేతికి దొరికేది అదే.

తోడూనీడ
ఆదివారం, 9:00

చాలా ఉపయోగం. నల్లకోటు గారూ, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అన్న మాట పదే పదే వస్తోంది. ఎవరిని, ఎలా పెట్టుకోవాలి? పురుగుమందు తాగినవాళ్ల దగ్గరికి వచ్చే ఆసుపత్రి పోలీసు ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్ సంగతి కూడా చెప్పగలరా?

నల్లకోటు_కాకినాడ
ఆదివారం, 10:25

తెల్లకాగితం చాలు. ‘ఫలానా వారిని నా నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా నియమించుకుంటున్నాను’ అని రాసి సంతకమో వేలిముద్రో పెడితే 14వ సెక్షన్ కింద చెల్లుతుంది. రాసుకోకపోతే వరసగా అడ్వాన్స్ డైరెక్టివ్‌లో (తనకి చికిత్స ఎలా ఉండాలో ముందే రాసిపెట్టుకున్న పత్రంలో) చెప్పినవాళ్లు, బంధువు, సంరక్షకులు, లేదంటే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు నియమించినవాళ్లు. బంధువు అన్న దగ్గరే భార్య, తల్లి, అన్నదమ్ముల మధ్య తగువు వస్తుంది. ఆ కాగితం ఉంటే తగువు లేదు. ఎవరూ లేని మనిషికి, బోర్డు నియమించేలోగా, ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధిని డాక్టరు తాత్కాలికంగా తీసుకోవచ్చు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇష్టం లేకుండా చేర్చుకునే 89వ సెక్షన్ దరఖాస్తు మీద సంతకం ఈ మనిషిదే. పోలీసు సంతకంతో చేర్చుకునే దారి లేదు. ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించాలి. గరిష్ఠం 30 రోజులు. ఆడవాళ్లనీ మైనర్లనీ చేర్చుకుంటే 3 రోజుల్లో, మిగతావాళ్లని 7 రోజుల్లో బోర్డుకి తెలపాలి. అన్నిటికన్నా మంచిది, మనిషి కాస్త కుదుటపడగానే 86వ సెక్షన్ కింద తానే సంతకం పెట్టి చేరడం. అప్పుడు తాను అడిగినప్పుడు ఇంటికి వెళ్లగలడు, పరీక్ష కోసం ఆపినా 24 గంటలే.

పురుగుమందు కేసుల్లో: 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 లేనే లేదు. ప్రభుత్వ అధికారిని ఒక పని చేయించడానికో ఆపించడానికో బెదిరిస్తూ చేసే ప్రయత్నానికి మాత్రం 226 అని ఒకటుంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసులకి తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) అని రాస్తారు, కానిస్టేబుల్ వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడు. అది కేసు పెట్టడం కాదు. భయపడి ‘పొరపాటున తాగాడు’ అని రాయించేవాళ్లు ఎక్కువ. దాంతో మానసిక విభాగానికి రిఫర్ చేయాల్సిన అవసరమే కాగితం మీద కనపడదు, విరుగుడు ఇచ్చి పంపేస్తారు. నిజం చెప్పండి.

క్యాజువాలిటీ_డ్యూటీ
ఆదివారం, 10:40

డబ్బా కూడా తీసుకురండి. ఏ మందు తాగారో తెలియక ఊహించి వైద్యం చేయాల్సి వస్తోంది.

ఒంగోలు_లక్ష్మి
సోమవారం, ఉదయం 6:50

దీనికి రెండో వైపు కూడా ఉంది. జబ్బు లేని ఆడమనిషికి, ఆస్తి తగువులో ఉన్న అన్నకో చెల్లికో ‘మెంటల్’ అని పేరు పెట్టి, స్టేషన్లో మాట్లాడుకుని వ్యాన్ ఎక్కించేస్తున్నారు. నిజంగా జబ్బున్న కోడలిని గదిలో పెట్టి తాళం వేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండింటికీ ఏం చేయాలి?

నల్లకోటు_కాకినాడ
సోమవారం, 7:35

లక్ష్మి గారూ, గదిలో పెట్టి తాళం వేస్తే 101వ సెక్షన్. జబ్బున్న మనిషిని హింసిస్తున్నారని, పట్టించుకోవడం లేదని ఎవరైనా స్టేషన్ ఆఫీసరుకి చెప్పొచ్చు, పక్కింటివాళ్లైనా సరే. ఆఫీసరు వెంటనే మేజిస్ట్రేటుకి నివేదించాలి. మేజిస్ట్రేటు 102 కింద పరీక్షకి పంపొచ్చు, 10 రోజులకి మించకుండా ఆసుపత్రిలో ఉంచమనొచ్చు. మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సింది ఇక్కడ. 100నీ 102నీ కలగాపులగం చేయడం వల్లే ఆసుపత్రి గేటు దగ్గర ఆ గొడవంతా.

తప్పుడు ముద్ర వేస్తే: కుటుంబం చెప్పిందనో, గతంలో ఒకసారి చికిత్స తీసుకున్నారనో ఆ ఒక్కదాంతో జబ్బుందని తేల్చకూడదు. ఆసుపత్రి పరీక్షించి చేర్చాల్సినంత జబ్బు లేదంటే పోలీసులే ఆ మనిషిని తిరిగి ఇంటికి చేర్చాలి, ఇల్లు లేనివాళ్లని ప్రభుత్వ వసతి గృహానికి. చేర్చేసి ఉంటే రివ్యూ బోర్డుకి ఆ మనిషే అర్జీ పెట్టొచ్చు, వార్డులో కాగితం, పెన్ను అడగండి. 27వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉందని చెప్పి, ఫోన్ వివరాలు ఇవ్వాల్సింది పోలీసు అధికారీ ఆసుపత్రి బాధ్యులూ. నంబరు 15100. రిజిస్ట్రేషన్ లేని డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు పంపే వ్యాన్‌కి మనిషిని ఎత్తుకుపోయే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు.

డాలస్_పిన్ని
సోమవారం, 8:15

ఇక్కడ చదువుకునే మన పిల్లల తల్లిదండ్రుల కోసం నాలుగు ముక్కలు. టెక్సాస్‌లో పోలీసు అధికారి వారెంటు లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు, అది మామూలుగా 48 గంటలు. కాలిఫోర్నియాలో 5150 అంటారు, 72 గంటలు. ఇంగ్లండ్‌లో సెక్షన్ 136, 24 గంటలు. వీటిలో ఏదీ అరెస్టు కాదు. అమెరికాలో హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే చాలావరకు పోలీసులు రాకుండానే మాట్లాడతారు. ఆసుపత్రివాళ్లు ఇండియాలోని అమ్మానాన్నకి ఏమీ చెప్పకపోవడానికి కారణం గోప్యత చట్టం. పిల్లలు సమాచార అనుమతి పత్రం మీద సంతకం చేస్తే చెప్తారు, నర్సు స్టేషన్‌లో ఆ పత్రమే అడగమనండి. అనుమతి లేకపోయినా మీరు చెప్పేది వాళ్లు వింటారు, మందుల చరిత్ర ఫోన్లో చెప్పేయండి.

తోడూనీడ
సోమవారం, 9:30

తర్వాత ఫిర్యాదు చేయాలంటే ఏ ఆధారాలు నిలుస్తాయి? దెబ్బలు తగిలిన సందర్భంలో ముఖ్యంగా.

రిటైర్డ్_స్టేషన్_మనిషి
సోమవారం, 10:48

సీసీ కెమెరాలు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లోనూ గేటు, వరండా, లాకప్ అన్నీ కనపడేలా పెట్టమంది, రికార్డింగు 18 నెలలు దాచాలంది. వారంలోపే ఎస్పీకి లేదా కమిషనర్‌కి తేదీ, గంటలు రాసి ‘ఆ రికార్డింగు చెరపకుండా భద్రపరచండి’ అని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆలస్యమైతే ‘హార్డ్ డిస్కు పాడైంది’ అన్న జవాబు వస్తుంది. మనిషి ఇంకా వాళ్ల దగ్గరే ఉంటే ఆర్టీఐలో ప్రాణం, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారానికి 48 గంటల్లో జవాబివ్వాలి, అర్జీ పైన ఆ మాట పెద్దగా రాయండి.

నల్లకోటు_కాకినాడ
సోమవారం, 11:20

దానికి తోడు క్యాజువాలిటీ కేస్ షీట్. వైద్య రికార్డులు పొందే హక్కు 25వ సెక్షన్‌లో ఉంది. జీడీలో రాసిన దెబ్బలకీ కేస్ షీట్‌లో రాసిన దెబ్బలకీ తేడా ఉంటే ఫిర్యాదుకి అదే బలం. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే 108వ సెక్షన్ కింద మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. అర్జీలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకీ మానవ హక్కుల కమిషన్‌కీ కూడా పంపొచ్చు.

ఎవరైనా కిటికీ అద్దం పగలగొట్టాడని ఎఫ్ఐఆరే కట్టారనుకోండి, అప్పుడది అరెస్టు దారి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటికి ముందు నోటీసు ఇవ్వమని అడగండి. అరెస్టు చేస్తే బంధువుకి చెప్పాలి, వైద్య పరీక్ష చేయించాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. అక్కడ ‘చికిత్సలో ఉన్న మనిషి’ అని పాత ప్రిస్క్రిప్షన్ మొదటి రోజే ఇవ్వండి.

మంచిర్యాల_మల్లన్న
సోమవారం, మధ్యాహ్నం 1:05

సర్కారు మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 గురించి ఎవ్వరు రాయలే. తెలుగుల మాట్లాడుతరు, రాత్రి కూడ ఎత్తుతరు. కానీ బండి పంపరు, అది ఎరుక ఉండాలె. మనిషి మాట ఇంకా వింటున్నడు అన్నప్పుడే, పోలీసు దాక పోకముందు చేసే ఫోన్ అది.

తోడూనీడ
సోమవారం, రాత్రి 7:44

అందరి మాటలూ కలిపి స్టేషన్లో ఇవ్వాల్సిన అర్జీ నమూనా రాశాను, చూడండి:

‘స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. మా (బంధుత్వం), వయసు __, (జబ్బు పేరు)కి (ఆసుపత్రి)లో చికిత్స పొందుతున్నారు. ఈరోజు __ గంటలకి __ దగ్గర వారిని మీకు అప్పగించాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం లాకప్‌లో ఉంచకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే పంపి, జనరల్ డైరీ నంబరు ఇప్పించగలరు. వాడే మందులు: __. ఆఖరి డోసు: __. నామినేటెడ్ రిప్రజెంటేటివ్: __, ఫోన్: __.’

నల్లకోటు_కాకినాడ
సోమవారం, 8:02

‘అప్పగించాం’ తీసేయండి. నేరస్తుణ్ని అప్పగించినట్టుంది, రేపు అదే మాట పట్టుకుని ఎవరైనా మెలిక పెడతారు. ‘రక్షణలోకి తీసుకోవలసిందిగా కోరుతున్నాం’ అని రాయండి.

మాటలు_వినేవాళ్లం
సోమవారం, 8:09

‘కళ్లద్దాలు వాడతారు / వాడరు’ అని ఒక గడి కూడా పెట్టండి.

తోడూనీడ
సోమవారం, 8:15

రెండూ మార్చాను. బుధవారం ప్రింటుకి ఇస్తున్నాను.